యువత కొలువులు, నైపుణ్యాలు, స్త్రీ పురుషుల వేతన వ్యత్యాసం: క్లాడియా గోల్డిన్ పరిశోధనపై తరచుగా అడిగే ప్రశ్నలు

క్లాడియా గోల్డిన్ ఎవరు?

క్లాడియా గోల్డిన్ 1946లో న్యూయార్క్ నగరంలో పుట్టిన ఆర్థికవేత్త. సూక్ష్మజీవశాస్త్రం చదవాలన్న కోరికతో కార్నెల్ విశ్వవిద్యాలయంలో చేరి, అక్కడే ఆర్థికశాస్త్రం వైపు మళ్లారు. 1972లో షికాగో విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేట్ పొందారు. హార్వర్డ్ ఆర్థికశాస్త్ర విభాగంలో శాశ్వత ఆచార్య పదవి దక్కిన మొదటి మహిళ ఆమే. శ్రామిక విపణిలో స్త్రీల స్థితిగతులపై మన అవగాహనను పెంచినందుకు 2023 అక్టోబరు 9న ఆమెకు ఆర్థికశాస్త్ర నోబెల్ బహుమతి ప్రకటించారు. అంతకుముందు 2009లో ఎలినార్ ఆస్ట్రమ్, 2019లో ఎస్తేర్ డఫ్లో ఈ బహుమతిని ఇతరులతో కలిసి అందుకున్నారు. ఎవరితోనూ పంచుకోకుండా అందుకున్న మొదటి మహిళ మాత్రం గోల్డిన్.

ఆమె పరిశోధనలో తేలిన ముఖ్యమైన విషయం ఏమిటి?

చదువులోనూ ఉద్యోగంలో చేరే రోజు జీతంలోనూ స్త్రీ పురుషుల మధ్య తేడా చాలావరకు తగ్గిపోయిన సమాజాల్లో కూడా, పదేళ్లు గడిచేసరికి ఆ తేడా మళ్లీ పెరుగుతుందని, మొదటి బిడ్డ పుట్టిన తర్వాత అది మరింత వేగంగా విస్తరిస్తుందని ఆమె లెక్కలతో చూపారు. అంటే సమస్యలో పెద్ద భాగం కొలువు గుమ్మం దగ్గర కాక, గుమ్మం దాటి లోపలికి వెళ్లిన తర్వాత ఎదురవుతోంది. మన దగ్గర యువత ఉపాధి గురించి జరిగే చర్చ దాదాపు అంతా గుమ్మం దగ్గరే ఆగిపోతుంది: ఎంతమందికి శిక్షణ ఇచ్చాం, ఎంతమందికి నియామక పత్రాలు అందాయి, మొదటి జీతం ఎంత అన్నవే వార్తలవుతాయి. ఆ కారణంగానే ఈ పరిశోధన మనకు చాలా అవసరమని నేను భావిస్తున్నాను.

వేతన వ్యత్యాసం అంటే ఒకే పనికి స్త్రీకి తక్కువ జీతం ఇవ్వడమేనా?

అది వ్యత్యాసంలో ఒక భాగం మాత్రమే. పూర్తికాలం పనిచేసే పురుషుల మధ్యస్థ ఆదాయాన్ని ఒక డాలరు అనుకుంటే, అమెరికాలో స్త్రీల ఆదాయం 1960లలో సుమారు 60 సెంట్లు ఉండేది. ఇప్పుడు అది 83 సెంట్ల దరిదాపుల్లో ఉంది. మిగిలిన ఆ 17 సెంట్లు ఎందుకు మిగిలాయన్నదే గోల్డిన్ ప్రశ్న. స్త్రీలు నర్సులుగా, పురుషులు ఇంజనీర్లుగా స్థిరపడటమే కారణమని చాలామంది చెబుతారు. కానీ వృత్తుల వాటాలను సమం చేసినా వ్యత్యాసంలో సుమారు మూడో వంతు మాత్రమే తగ్గుతుందని, మిగిలినదంతా ఒకే వృత్తిలోని స్త్రీ పురుషుల మధ్యే ఉంటుందని ఆమె లెక్కగట్టారు. ఇద్దరు న్యాయవాదుల మధ్య, ఇద్దరు మేనేజర్ల మధ్య, ఇద్దరు వైద్యుల మధ్య ఉన్న తేడా అది.

ఒకే పనికి తక్కువ జీతం ఇవ్వడాన్ని చట్టం నిషేధించగలదు. అమెరికా 1963లో, భారతదేశం 1976లో అలాంటి చట్టాలు తెచ్చాయి. మన చట్టం అక్కరకు వచ్చిన సందర్భాలూ ఉన్నాయి. స్త్రీ స్టెనోగ్రాఫర్లకు పురుష స్టెనోగ్రాఫర్ల కంటే తక్కువ జీతం ఇచ్చిన సంస్థపై ఆడ్రీ డికోస్టా అనే ఉద్యోగిని పోరాడి, 1987లో సుప్రీంకోర్టులో గెలిచారు. ఒకే హోదా, ఒకే పని కాబట్టి అక్కడ పోలిక సులువైంది. పదేళ్ల తర్వాత ఒకరు ఉపాధ్యక్ష స్థానంలోనూ మరొకరు పాత కుర్చీలోనూ ఉన్నప్పుడు, ఇది సమానమైన పని అని చట్టం ముందు నిరూపించడం చాలా కష్టం.

రెండు వందల ఏళ్ల వెనుకటి స్త్రీల పనిని ఆమె ఎలా లెక్కించారు?

పందొమ్మిదో శతాబ్దపు అమెరికా జనగణన పత్రాల్లో పెళ్లయిన స్త్రీ వృత్తి గడిలో తరచుగా ‘భార్య’ అని రాసి వదిలేసేవారు. ఆ భార్య పొలంలో పనిచేసినా, ఇంట్లో అద్దెకున్న వారికి వండిపెట్టినా, కుటుంబ దుకాణంలో కూర్చున్నా, ఇంటి దగ్గరే బట్టలు నేసినా లెక్కలోకి వచ్చేది కాదు. గోల్డిన్ పాత సర్వేలను, పరిశ్రమల రికార్డులను, నగరాల డైరెక్టరీలను, కుటుంబాలు సమయాన్ని ఎలా వెచ్చించేవో తెలిపే పత్రాలను తిరగేసి ఈ లెక్కను సరిచేశారు. 1890ల చివరిలో పనిచేస్తున్న వివాహితల శాతం జనగణన చూపిన దానికి దాదాపు మూడు రెట్లు ఉందని తేలింది. ఆర్థికవేత్తలు పనిగదిలో కూర్చుని సూత్రాలు రాస్తారన్న అభిప్రాయం ఉన్నవారు ఈ దుమ్ముపట్టిన కాగితాల పనిని తప్పక తెలుసుకోవాలి.

ఈ మాట మనకు కొత్త కాదు. మన జాతీయ నమూనా సర్వేలో ఇంటిపని మాత్రమే చేసే వారికి 92 అని, ఇంటిపనితో పాటు కట్టెలు, మేత, నీళ్లు వంటివి తెచ్చే వారికి 93 అని సంకేతాలు ఉన్నాయి. ఈ రెండు సంకేతాల కింద నమోదైన స్త్రీ శ్రామిక శక్తి వెలుపల ఉన్నట్టే. రెండు గేదెలను చూసుకుంటూ పాల కేంద్రానికి పాలు పోసే ఇల్లాలిని సర్వే చేసే వ్యక్తి ఏ గడిలో రాస్తారన్నది, ప్రశ్న అడిగిన తీరును బట్టీ, జవాబు చెప్పింది ఆమేనా భర్తా అన్నదాన్ని బట్టీ మారిపోతుంది.

ఆంగ్ల యూ అక్షరం ఆకారంలో ఉండే వక్రరేఖ అని తరచుగా వింటుంటాం. అదేమిటి?

దేశం సంపన్నమయ్యే కొద్దీ స్త్రీల పని కూడా తిన్నగా పెరుగుతుందని ఒకప్పుడు అందరూ నమ్మేవారు. గోల్డిన్ సరిచేసిన లెక్కలు మరో కథ చెప్పాయి: పనిచేసే స్త్రీల వాటా మొదట తగ్గి, అడుగుకు చేరి, తర్వాత మళ్లీ పెరుగుతుంది, గీసి చూస్తే యూ ఆకారం వస్తుంది. వ్యవసాయ సమాజంలో ఇల్లూ పొలమూ ఒకదానికొకటి ఆనుకుని ఉన్నప్పుడు స్త్రీలు ఎక్కువగా పనిచేశారు. పని ఫ్యాక్టరీకి తరలి, ఇంటికి దూరమై, పురుషుల ఆదాయం పెరిగినప్పుడు వివాహితలు వెనక్కి తగ్గారు. భార్య ఫ్యాక్టరీకి వెళ్తోందంటే భర్త చేతగానివాడని లోకం అనుకుంటుందన్న భయమూ అందుకు తోడైంది. హైస్కూలు చదువు వ్యాపించి, ఆఫీసు ఉద్యోగాలు పెరిగిన తర్వాతే స్త్రీలు మళ్లీ పనిలోకి వచ్చారు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అమెరికాలో స్త్రీలలో సుమారు 20 శాతం, వివాహితలలో 5 శాతం మాత్రమే జీతానికి పనిచేసేవారు. అదే ఆ వక్రరేఖకు అడుగు భాగం.

భారతదేశం ఆ వక్రరేఖలో ఎక్కడ ఉంది?

కార్మిక శక్తి సర్వే ప్రకారం 15 ఏళ్లు పైబడిన భారతీయ స్త్రీలలో పనిచేస్తున్న లేదా పని వెతుకుతున్న వారి వాటా 2017-18లో 23.3 శాతం. అంతకుముందు పదేళ్లకు పైగా ఈ వాటా తగ్గుతూ వచ్చింది. 2023-24 నాటికి అది 41.7 శాతానికి చేరింది. ఈ అంకెలను చూసి వక్రరేఖ పైకి తిరిగిందని సంతోషించే ముందు పెరిగిన పని ఎలాంటిదో చూడాలి. పెరుగుదల ఎక్కువగా గ్రామాల్లోనే జరిగింది, అందులోనూ స్వయం ఉపాధిలో, కుటుంబ వ్యవసాయంలో లేదా కుటుంబ వ్యాపారంలో జీతం లేని సహాయకులుగా పనిచేసేవారే ఎక్కువ. అమెరికాలో రేఖను పైకి లేపినవి నెల జీతం వచ్చే ఆఫీసు కొలువులు. ఇక్కడ కనిపిస్తున్నది అది కాదు. దీన్ని ఆ వక్రరేఖ కుడి వైపు భాగం అనడం నా దృష్టిలో తొందరపాటే అవుతుంది.

మరొక తేడా కూడా ఉంది. తెలుగు పల్లెల్లో స్త్రీలు పనిలోకి రావడం ఉత్తరాది రాష్ట్రాల కంటే ఎప్పుడూ ఎక్కువే. నాట్లు, కలుపు తీత, పత్తి ఏరడం, మిరప కోత ఆడవాళ్ల చేతుల మీదుగానే సాగుతాయి. దళిత, వెనుకబడిన కులాల స్త్రీలకు పనిచేయాలా వద్దా అన్న ఎంపిక ఎన్నడూ లేదు. ఇంటి ఆడవారు కూలికి వెళ్లకపోవడమే గౌరవమనే భావన కొన్ని కులాల్లో బలంగా ఉండి, చేతిలో నాలుగు డబ్బులు ఆడిన కొద్దీ మిగతా కులాల్లోకీ పాకింది. అమెరికా విషయంలోనూ ఇలాంటి తేడాను గోల్డిన్ 1977 నాటికే గమనించారు. బానిసత్వం రద్దయిన తర్వాతి దశాబ్దాల్లో నల్లజాతి స్త్రీలు శ్వేతజాతి స్త్రీల కంటే చాలా ఎక్కువగా పనిచేశారని, ఆ తేడాను ఆదాయం ఒక్కటే వివరించదని, బానిసత్వం వదిలిన చరిత్ర కూడా అందులో ఉందని ఆమె రాశారు.

పెళ్లయితే ఉద్యోగం పోయేదన్నది నిజమేనా?

నిజమే. అమెరికాలో వివాహితలను ఉద్యోగంలోకి తీసుకోకూడదని, ఉద్యోగంలో ఉండగా పెళ్లి చేసుకుంటే తీసేయాలని పాఠశాలల్లోనూ ఆఫీసుల్లోనూ నిబంధనలు ఉండేవి. 1930ల మాంద్యంలో అవి మరింత బిగిశాయి. 1942లో అక్కడి పాఠశాల బోర్డులలో 87 శాతం వివాహితలను టీచర్లుగా తీసుకునేవి కావని, 70 శాతం పెళ్లి చేసుకున్న టీచర్లను కొనసాగించేవి కావని గోల్డిన్ రికార్డుల నుంచి వెలికితీశారు.

భారతదేశంలో ఇలాంటి నిబంధనలు ఇంకా చాలాకాలం బతికాయి. విదేశాంగ సేవలో ఉన్న స్త్రీ పెళ్లి చేసుకోవాలంటే ప్రభుత్వ అనుమతి తీసుకోవాలన్న నిబంధనపై సి.బి. ముత్తమ్మ సుప్రీంకోర్టుకు వెళ్లగా, 1979 తీర్పులో జస్టిస్ కృష్ణయ్యర్ దాన్ని తీవ్రంగా తప్పుబట్టారు. విమానాల్లో పనిచేసే యువతులు మొదటి గర్భంతోనే పదవీ విరమణ చేయాలన్న నిబంధనను 1981లో సుప్రీంకోర్టు కొట్టివేసింది. నిబంధన కాగితం మీద రాసి ఉంది కాబట్టి వాటిని కోర్టులో సవాలు చేయగలిగారు. ఇంటర్వ్యూలో ‘పెళ్లి ఎప్పుడు చేసుకుంటారు?’ అని అడిగే ప్రశ్నకు కాగితం ఉండదు.

చిన్న వయసులోని అంచనాలకు, తర్వాతి జీతానికి సంబంధం ఏమిటి?

చాలా దగ్గరి సంబంధం ఉంది. అమెరికాలో 1968లో మొదలైన ఒక సర్వేలో యువతులను ‘35 ఏళ్ల వయసులో మీరు ఏం చేస్తుంటారు?’ అని అడిగారు. ఉద్యోగం చేస్తుంటామన్నవారు సుమారు మూడో వంతు మాత్రమే. నిజానికి ఆ వయసు వచ్చేసరికి వారిలో అంతకంటే చాలా ఎక్కువమంది పనిచేశారు. ఉద్యోగం చేస్తామని ముందే ఊహించి ఉంటే వారు వేరే చదువు ఎంచుకునేవారు, ఆ చదువుకు తగ్గ జీతం వచ్చేది. 1970ల చివరికి ఇదే ప్రశ్నకు దాదాపు 80 శాతం యువతులు ఉద్యోగం చేస్తుంటామని జవాబిచ్చారు. ఆ పదేళ్లలోనే వైద్యం, న్యాయం, వ్యాపార నిర్వహణ కోర్సుల్లో అమ్మాయిల సంఖ్య పెరిగింది. గర్భనిరోధక మాత్రలు పెళ్లికాని యువతులకు చట్టబద్ధంగా అందుబాటులోకి రావడం వల్ల పెళ్లిళ్లు ఆలస్యమై, దీర్ఘకాలం సాగే వృత్తివిద్యలు చదవగలిగారని గోల్డిన్, లారెన్స్ కాట్జ్ 2002లో ప్రచురించిన పరిశోధనలో వివరించారు. వేర్వేరు రాష్ట్రాల్లో చట్టాలు వేర్వేరు సంవత్సరాల్లో మారడం వారికి పోల్చి చూసే వీలు కల్పించింది.

మన ఇళ్లలో ఈ నిర్ణయం పదో తరగతి ఫలితాలు వచ్చిన వారంలో జరిగిపోతుంది. అమ్మాయి ఏ గ్రూపు తీసుకోవాలి, హాస్టల్లో ఉంచాలా లేక బస్సు వెళ్లే దూరంలోని కళాశాలలోనే చేర్చాలా అని మాట్లాడుకునే పెద్దలు, ఆ పిల్ల 35 ఏళ్లప్పుడు ఏం చేస్తుంటుందన్న దానిపై తమకు తెలియకుండానే ఒక అంచనాకు వచ్చేసి ఉంటారు. ఆ అంచనా తక్కువైతే, దాని ధర ఇరవై ఏళ్ల తర్వాత ఆమె చెల్లిస్తుంది.

నైపుణ్య శిక్షణ ఈ సమస్యను తీర్చగలదా?

కొంతవరకు తీర్చగలదు. అయితే ఎలాంటి నైపుణ్యం అన్నది ముఖ్యం. గోల్డిన్, కాట్జ్ కలిసి చేసిన మరో పెద్ద అధ్యయనం చదువుకూ సాంకేతికతకూ మధ్య పోటీ గురించినది. 1910లో అమెరికా యువతలో హైస్కూలు పూర్తిచేసినవారు 9 శాతం, 1940 నాటికి సుమారు 50 శాతం. అక్కడి ఊళ్లు పన్నులు కట్టుకుని మరీ ఆ పాఠశాలలు నిర్మించుకున్నాయి. అక్కడ నేర్పింది ఒక యంత్రాన్ని నడపడం కాదు, ఏ పనికైనా ఏ ఊరికైనా తీసుకెళ్లగలిగిన సాధారణ విద్య. చదువు సాంకేతికత కంటే వేగంగా వ్యాపించినంత కాలం ఆదాయాల మధ్య అంతరం తగ్గిందని, 1980 తర్వాత చదువు విస్తరణ నెమ్మదించడంతో అంతరం మళ్లీ పెరిగిందని వారు చూపారు.

ఈ పరిశోధన వెలుగులో మన మూడు నెలల శిక్షణ కోర్సులను చూడాలి. 2015లో మొదలైన ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన వంటి పథకాల కింద కుట్టుపని, బిల్లింగ్ కౌంటరు పని, డేటా ఎంట్రీ వంటివి నేర్పారు. పనే లేని యువతికి ఇవి మొదటి మెట్టు కాగలవు, ఆ మేలును తక్కువ చేయకూడదు. కానీ ఒక్క యంత్రం మీద నేర్పిన పని ఆ యంత్రంతోనే పాతబడుతుంది. పిల్లల కోసం మూడేళ్లు ఆగి మళ్లీ వచ్చిన స్త్రీకి పాతబడిన నైపుణ్యం వల్ల కలిగే నష్టం, ఆగకుండా పనిచేసిన పురుషుడికి కలిగే నష్టం కంటే ఎక్కువ. కాబట్టి పటిష్ఠమైన సాధారణ విద్య స్త్రీలకు మరింత అవసరం.

ఫ్యాక్టరీల్లో యువతులకు పని దొరకడం వేతనాలను పెంచుతుందా?

చరిత్రలో పెంచింది. పందొమ్మిదో శతాబ్దం మొదట్లో అమెరికా ఈశాన్య ప్రాంతంలో స్త్రీల వేతనం పురుషుల వేతనంలో సుమారు మూడో వంతు ఉండగా, జౌళి మిల్లులు వచ్చిన తర్వాత 1850 నాటికి సగానికి చేరిందని గోల్డిన్, కెన్నెత్ సోకొలాఫ్ చూపారు. లోవెల్ పట్టణపు మిల్లుల్లో పల్లెల నుంచి వచ్చిన పెళ్లికాని అమ్మాయిలు హాస్టళ్లలో ఉంటూ పనిచేసేవారు, 1834లోనూ 1836లోనూ వారు సమ్మెకు కూడా దిగారు. ఇప్పుడు అచ్యుతాపురం దుస్తుల యూనిట్లలో, శ్రీసిటీ సెల్‌ఫోన్ అసెంబ్లీ లైన్లలో పనిచేసేవారిలో యువతులే ఎక్కువ అని తెలిసినవారికి ఆ హాస్టళ్ల చిత్రం సులువుగానే కళ్లకు కడుతుంది. పెళ్లి తర్వాత వీరిలో ఎంతమంది ఆ లైన్లలోనే ఉంటారు, ఎంతమంది సూపర్‌వైజర్లు అవుతారు అన్నవి జిల్లా అధికారులు అడగాల్సిన ప్రశ్నలు.

జీతం చెల్లించే పద్ధతిని బట్టి వివక్ష మారుతుందా?

మారుతుంది. పని ముక్కల లెక్కన కూలి ఇచ్చే పాత ఫ్యాక్టరీల్లో స్త్రీ పురుషుల తేడాలో చాలాభాగాన్ని ఉత్పత్తిలోని తేడాతో వివరించవచ్చు. నెల జీతాల ఆఫీసులు వచ్చాక వివరించలేని భాగం పెరిగిందని గోల్డిన్ కనుగొన్నారు. ఆఫీసు ఆధునికమైనది కాబట్టి అక్కడ వివక్ష తక్కువ ఉంటుందన్న మన సహజమైన ఊహకు ఇది పూర్తిగా విరుద్ధం. పదోన్నతి మీద ఆధారపడిన జీతంలో ‘ఈమె ఎలాగూ మానేస్తుంది’ అన్న యజమాని అంచనాయే ఆమె జీతాన్ని నిర్ణయిస్తుంది.

మన పొలాల్లో ఈ విషయాన్ని కళ్లారా చూడవచ్చు. రోజు కూలి లెక్కన వెళ్తే మగకూలికి ఒక రేటు, ఆడకూలికి తక్కువ రేటు ఉంటుంది. అదే నాట్లను ఎకరాకు ఇంత అని గుత్తకు మాట్లాడుకుంటే, ముఠాగా వెళ్లిన ఆడవాళ్లు పూర్తయిన పనికి డబ్బు తీసుకుని పంచుకుంటారు. స్త్రీ అన్న కారణంతో కోత పెట్టే వీలు అందులో తక్కువ. 2006 ఫిబ్రవరిలో అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ప్రారంభమైన ఉపాధి హామీ పథకం ఆడ, మగ తేడా లేని కూలి రేటును పల్లెల్లోకి తెచ్చింది.

తెర వెనుక నుంచి సంగీతం వినిపించిన అధ్యయనం సంగతి ఏమిటి?

అమెరికాలోని పెద్ద ఆర్కెస్ట్రాలు అభ్యర్థులను తెర వెనుక కూర్చోబెట్టి వాయించమనడం మొదలుపెట్టాక స్త్రీల ఎంపిక పెరిగిందని గోల్డిన్, సెసిలియా రౌస్ 2000లో రాశారు. నమూనా చిన్నదని, కొన్ని ఫలితాల్లో పొరపాటుకు ఉన్న అవకాశం పెద్దదని తర్వాతి గణాంకవేత్తలు విమర్శించారు. ఆ విమర్శలో బలం ఉంది. ఈ అధ్యయనాన్ని నిర్ధారణ అనకుండా బలమైన సూచన అనడమే న్యాయం.

పదేళ్లలో తేడా ఎలా పెరుగుతుందో చూపిన అధ్యయనం ఏది?

మరియాన్ బెర్‌ట్రాండ్, గోల్డిన్, కాట్జ్ కలిసి 2010లో ప్రచురించిన పరిశోధన అది. షికాగో విశ్వవిద్యాలయం నుంచి 1990కీ 2006కీ మధ్య ఎంబీఏ పూర్తిచేసినవారి కొలువులను వారు సంవత్సరం వారీగా పరిశీలించారు. ఒకే తరగతి గదులు, ఒకే అధ్యాపకులు, దాదాపు ఒకే రకమైన ఆశలు. చేరినప్పుడు స్త్రీల సగటు వార్షిక ఆదాయం సుమారు 1,15,000 డాలర్లు, పురుషులది 1,30,000 డాలర్లు. తొమ్మిదేళ్ల తర్వాత స్త్రీలది 2,50,000 డాలర్లు, పురుషులది 4,00,000 డాలర్లు.

ఈ తేడాకు మూడు కారణాలు కనిపించాయి. మొదటిది చదువుకునేటప్పటి తేడా, అంటే ఫైనాన్స్ సబ్జెక్టుల ఎంపిక, మార్కులు. రెండోది ఉద్యోగంలో విరామం. మూడోది వారానికి పనిచేసే గంటలు. చివరి రెండింటి వెనుక ఉన్నది పిల్లల పెంపకమే. పురుషులతో పోలిస్తే స్త్రీలు తీసుకున్న విరామాలు ఎక్కువే అయినా, మొత్తం మీద చూస్తే అవి పెద్దవేమీ కావు. అంత చిన్న విరామానికి అంత పెద్ద శిక్ష పడటమే నన్ను ఈ పరిశోధనలో అన్నిటికంటే ఎక్కువగా కలచివేసింది. భర్త ఆదాయం బాగా ఎక్కువగా ఉన్న తల్లులే పనిని ఎక్కువగా తగ్గించుకున్నారన్నది మరో ముఖ్యమైన ఫలితం.

‘అత్యాశ ఉద్యోగాలు’ అని గోల్డిన్ వేటిని అంటారు?

గంటలు రెట్టింపైతే జీతం రెట్టింపుకు మించి పెరిగే ఉద్యోగాలను. వారానికి 60 గంటలు పనిచేసే న్యాయవాది 30 గంటలు పనిచేసే న్యాయవాదికి రెట్టింపు కంటే చాలా ఎక్కువ సంపాదిస్తాడు. క్లయింటు రాత్రి పదకొండుకు ఫోన్ చేసినా ఎత్తడం, ఆదివారం విమానం ఎక్కమన్నా ఎక్కడం వంటివి చేయగలిగినవారికే ఆ అదనపు ధర దక్కుతుంది. సమాన చదువున్న దంపతులకు బిడ్డ పుడితే, ఇద్దరూ మధ్యస్థమైన ఉద్యోగాలు చేసుకుంటే ఇంటికి వచ్చే డబ్బు తగ్గుతుంది. ఒకరు అత్యాశ ఉద్యోగంలో, మరొకరు ఇంటి పిలుపుకు అందే ఉద్యోగంలో ఉంటే డబ్బు పెరుగుతుంది. డబ్బు లెక్క ప్రకారం రెండోది తెలివైన నిర్ణయమే. ఇంటి పిలుపుకు అందేది ఎవరన్నది మాత్రం ఆడవారి వైపే తేలుతుంది. మన దేశంలో 2024 సమయ వినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపని చేసే స్త్రీలు రోజుకు సగటున 289 నిమిషాలు, పురుషులు 88 నిమిషాలు దానికి వెచ్చిస్తున్నారు.

అమెరికాలోని తెలుగు కుటుంబాల్లో ఈ లెక్కకు వీసా కూడా తోడైంది. హెచ్-1బీ మీద వెళ్లిన భర్త వెంట హెచ్-4 వీసాతో వెళ్లిన ఇంజనీరింగ్ పట్టభద్రురాలికి ఎన్నో ఏళ్లపాటు పనిచేసే అనుమతే లేదు. 2015 మే నుంచి, గ్రీన్ కార్డు దరఖాస్తులో కొంత దశ దాటినవారి జీవిత భాగస్వాములకు అనుమతి దొరుకుతోంది. ఆ దశ వచ్చేలోగా గడిచిన ఏళ్లు ఆమె రెజ్యూమెలో ఖాళీగానే మిగులుతాయి. షికాగో అధ్యయనంలోని విరామం కొంతవరకైనా ఆ స్త్రీలు ఎంచుకున్నది. ఇక్కడి విరామం చట్టం విధించినది.

తేడా దాదాపు లేని వృత్తి ఏదైనా ఉందా?

ఉంది, ఫార్మసీ. అమెరికాలో ఒకప్పుడు మందుల షాపు అంటే యజమానే ఫార్మసిస్టు, తెల్లవారుజాము నుంచి రాత్రి వరకు అతనే ఉండాలి. అప్పట్లో ఆ వృత్తి పురుషులది. తర్వాత గొలుసు దుకాణాలు, ఆసుపత్రులు వచ్చాయి. మందులు తయారై ప్యాకెట్లలో రావడం మొదలైంది. రోగి వివరాలు కంప్యూటర్లోకి చేరాయి. ఒక ఫార్మసిస్టు షిఫ్టు దిగితే మరొకరు అదే రోగికి అదే నాణ్యతతో మందు ఇవ్వగలరు. అందువల్ల సగం గంటలు పనిచేసినవారికి సుమారు సగం జీతం వస్తుంది, అంతకు మించిన శిక్ష పడదు. ఇప్పుడు ఫార్మసిస్టులలో సగానికి పైగా స్త్రీలే, పూర్తికాలం పనిచేసే స్త్రీల మధ్యస్థ ఆదాయం పురుషుల ఆదాయంలో సుమారు 92 శాతం. ఎవరో ఉద్యమం చేసి మార్చిన వృత్తి కాదిది. పనిని అమర్చిన తీరు మారితే జీతాల తేడా తగ్గుతుందనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు కనిపించలేదు.

భారతదేశపు యువత నిరుద్యోగానికి దీనితో సంబంధం ఉందా?

ఉంది. అంతర్జాతీయ కార్మిక సంస్థ, ఢిల్లీలోని మానవాభివృద్ధి సంస్థ కలిసి వెలువరించిన 2024 నివేదిక ప్రకారం, నిరుద్యోగుల్లో దాదాపు 83 శాతం యువతే. 2022లో చదవడం రాయడం రాని యువతలో నిరుద్యోగం 3.4 శాతం కాగా, పట్టభద్రులలో 29.1 శాతం. చదువు పెరిగింది, దానికి తగ్గ కొలువులు పెరగలేదు. ఇలా కొలువులు కొద్దిగా ఉన్నప్పుడు యజమానికి ఎంచుకునే స్వేచ్ఛ ఎక్కువ. పెళ్లి, ప్రసూతి అన్న అంచనాలు ఆ ఎంపికలోకి జొరబడతాయి. 2017లో ప్రసూతి సెలవును 12 నుంచి 26 వారాలకు పెంచడం అవసరమైన సంస్కరణ. ఆ ఖర్చు మొత్తాన్ని యజమాని మీదే ఉంచడం మాత్రం పొరపాటని నా అభిప్రాయం, ఎందుకంటే చిన్న సంస్థ ఆ ఖర్చును తప్పించుకునే సులువైన దారి యువతిని చేర్చుకోకపోవడమే. సామాజిక బీమా నిధి నుంచి చెల్లించే దేశాల్లో ఆ భయం తక్కువ.

కళాశాల ప్రాంగణ నియామకాల్లో అమ్మాయిలకూ అబ్బాయిలకూ ఒకే ప్యాకేజీ ఇస్తున్నారు కదా. ఇంకా తేడా ఎక్కడుంది?

ఆ ప్యాకేజీ షికాగో లెక్కలోని మొదటి సంవత్సరం లాంటిది. తేడా ఉందో లేదో తెలియాలంటే అదే మనుషులను పదేళ్లు వెంబడించాలి. అమెరికాలో 1968లో మొదలైన యువతుల సర్వే వారిని మూడు దశాబ్దాలకు పైగా అనుసరించింది. మన కార్మిక శక్తి సర్వే ఒకే ఇంటికి కొన్ని నెలల్లో నాలుగుసార్లు వెళ్లి, తర్వాత మరో ఇంటికి మారుతుంది. దేశమంతటికీ అలాంటి దీర్ఘకాల సర్వే ఏర్పాటు చేయడం ప్రభుత్వం పని. కానీ ఒక ఇంజనీరింగ్ కళాశాల లేదా పాలిటెక్నిక్ ఇందుకు ఎదురుచూడాల్సిన అవసరం లేదు. పదేళ్ల కిందట ఒకే బ్రాంచిలో చదివి ఒకే కంపెనీలో ఒకే జీతానికి చేరిన వారి జాబితా కళాశాల నియామకాల విభాగం దగ్గర ఉంటుంది. ఇప్పుడు ఎవరు ఏ హోదాలో ఉన్నారు, ఎవరు మధ్యలో ఎన్నేళ్లు ఆగారు, తిరిగి వచ్చినప్పుడు ఎంత జీతానికి చేరారు అన్న మూడు ప్రశ్నలు వారిని అడిగితే చాలు. ఆ జవాబులను ప్రవేశాల సమయంలో మొదటి జీతం అంకె పక్కనే అచ్చువేయవచ్చు.